వజూఖానాలో పన్నెండు నల్లాలు

మెట్రో రైలు అమీర్‌పేట మీదుగా నడవడం మొదలైన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం. రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల మొదటి వారంలో నా చేతికి ఒక జాబ్ కార్డు వచ్చింది. స్థలం, పంజాగుట్ట వెనుక గల్లీలో ఉన్న ఒక చిన్న మసీదు. పని, వజూఖానాలో పన్నెండు నల్లాలు. ఫిర్యాదు గడిలో ‘అన్నీ కారుతున్నవి’ అని రాసి ఉంది.

అప్పుడు నేను అమీర్‌పేటలో ఆఫీసు ఉన్న ఒక బిల్డింగ్ మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబింగ్ ఫోర్‌మన్‌ని. మధురానగర్ హాస్టళ్ల నుంచి పంజాగుట్ట క్లినిక్‌ల దాకా నీళ్ల పని మా విభాగానిది. అందులో మెట్లు నాలుగు: హెల్పర్, మెకానిక్, సీనియర్ మెకానిక్, ఫోర్‌మన్. వాళ్లందరి పైన సూపర్‌వైజర్. ఫోర్‌మన్ అయినవాడు పానా పక్కన పెట్టి కార్డుల మీద సంతకాలు చేస్తూ కూర్చుంటాడని కొత్తవాళ్లు అనుకుంటారు. నా చేతులు సనత్‌నగర్‌లో ఇత్తడి నల్లాలు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ దగ్గర పని నేర్చినవి. అవి ఊరుకోవు. పైగా మసీదు పని. ఆ కార్డును మెకానిక్‌కు ఇవ్వకుండా నా చొక్కా జేబులోనే పెట్టుకున్నాను.

నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, కాళ్లు కడుక్కోవడాన్ని వజూ అంటారు. అందుకోసం కట్టిన చోటు వజూఖానా. గోడ వెంట తక్కువ ఎత్తులో నల్లాల వరుస, ఒక్కో నల్లా ముందు కూర్చోవడానికి రాతి పీట, కింద నీళ్లు పోయే కాలువ. పారే నది ఒడ్డున కూర్చున్నా వజూకు అవసరానికి మించి నీళ్లు వాడకూడదని మేం మద్రసాలో అక్షరాలతో పాటు నేర్చుకున్నాం. మా దీన్‌లో, అంటే మతంలో, నీటి బొట్టుకు కూడా జవాబు చెప్పుకోవాలి. అటువంటి చోట పన్నెండు నల్లాలు పొద్దస్తమానం కారుతున్నాయని చదివి వెంటనే సంచి భుజాన వేసుకుని బయలుదేరాను.

అక్కడ నాకు ఎదురొచ్చినవాడు లతీఫ్ చాచా. మసీదు ఊడ్చి, చాపలు పరచి, ట్యాంకుకు మోటారు వేసే ఖాదిం ఆయనే. పాలమూరు వైపు మనిషి. ఉర్దూ కంటే తెలుగులోనే హాయిగా మాట్లాడతాడు. మెట్ల కింద ఉన్న చిన్న గదే ఆయన ఇల్లు. భార్య పోయాక ఆయనకు వేరే గూడు లేదు.

తెలియనివారి కోసం పని ఎలా ఉంటుందో చెబుతాను. పాత రకం ఇత్తడి నల్లా లోపల ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని స్పిండిల్ అంటాం. పైన పిడి తిప్పితే స్పిండిల్ కిందికి దిగుతుంది. దాని అడుగున బిళ్లలాంటి రబ్బరు వాషర్ ఉంటుంది. నల్లా కడుపులో నీళ్లు వచ్చే రంధ్రం చుట్టూ ఉన్న ఇత్తడి అంచును సీటు అంటాం. వాషర్ వెళ్లి సీటు మీద కూర్చుంటే నీళ్లు ఆగుతాయి. సంగతంతా ఇంతే! గోరంత రబ్బరు, నాలుగో అంతస్తు మీది ట్యాంకు నీళ్ల బరువును ఆపేస్తుంది. ఇన్నేళ్లు ఈ పని చేసినా ఆ ముక్క చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు సుభానల్లాహ్ అనాలనిపిస్తుంది.

మెయిన్ వాల్వు కట్టి, పైపులో మిగిలిన నీళ్లు వదిలి, పన్నెండు నల్లాలూ విప్పాను. పాత వాషర్లు ఎండిపోయి గట్టిపడి ఉన్నాయి. కొత్తవి బిగించాను. వాల్వు తెరిచాక ఒక్క చుక్క పడలేదు. ఆ నిశ్శబ్దం వినడం నాకు పండగ. లతీఫ్ చాచా కాలువలోకి వంగి చూసి, “మాషా అల్లా, ఏదో కవుల ముషాయిరా బంద్ అయినట్టున్నది,” అన్నాడు.

నేను కార్డు మీద ఆయన సంతకం తీసుకుంటూ, “చాచా, నా పని అయిపోయింది. ఇగ మీ చేతుల ఉన్నది. నమాజ్ అయినంక ఒక్కొక్క నల్లా చూసి గట్టిగ బంద్ చెయ్యున్రి,” అని చెప్పాను. పని ముగించిన ప్రతిచోటా చెప్పే మాటే అది.

తొమ్మిది రోజులకు మళ్లీ ఫోను వచ్చింది. వెళ్లేసరికి ఏడు నల్లాలు కారుతున్నాయి. చాచా నన్ను చూసి, “బేటా, గీ వాషర్ల ఆయుష్షు గింతేనా? దోమలు సుత ఇంకో నాలుగు దినాలు బతుకుతయి,” అన్నాడు. సరుకు నాసిరకమని నేను నిర్ధారణకు వచ్చేశాను. పాతవాటిని సరిగా చూడకుండానే సంచిలో వేసి, ఈసారి మందంగా, గట్టిగా ఉన్న రకం బిగించాను. ఫోర్‌మన్ చేయకూడని తప్పు అది. విప్పిన భాగాన్ని పరిశీలించకుండా కొత్త భాగం వేయకూడదని హెల్పర్లకు నేనే పాఠం చెప్పేవాణ్ని.

మరో వారానికి జుమా, అంటే శుక్రవారపు పెద్ద నమాజు వచ్చింది. నేనూ ఆ రోజు అక్కడే నమాజుకు వెళ్లాను. నమాజుకు ముందు ఇమాం చేసే ప్రసంగం, ఖుత్బా, మొదలవబోతుండగా ట్యాంకు ఖాళీ అయింది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఎండాకాలం. పన్నెండు సన్నని ధారలు పొద్దుటి నుంచీ ట్యాంకును తాగేశాయి. ప్యాంట్లు మడిచి, చొక్కా చేతులు పైకి లాగి, పొడి చేతులతో జనం మెట్ల మీద వరుసగా నిలబడ్డారు. తలా ఒక మంచినీళ్ల సీసా తెచ్చి ఎలాగో వజూ కానిచ్చారు. నేను వాళ్ల మధ్యే తల వంచుకుని నిలబడ్డాను.

నమాజు తర్వాత మసీదు కమిటీ కూర్చుంది. కమిటీ పెద్దను అందరూ సదర్ సాబ్ అంటారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, మాట ఖండితంగా ఉంటుంది. వాషర్లు రెండుసార్లు మారాయని, మారనిది ఖాదిం ఒక్కడేనని, ఇప్పుడు ఆయనను మార్చి చూద్దామని అన్నాడు. లతీఫ్ చాచా నల్లాలు సరిగా కట్టకుండా వదిలేస్తున్నాడని ఆయన నమ్మకం. రంజాన్‌లో జనం మూడింతలవుతారు, అప్పటికి కొత్త మనిషి రావాలి. సోమవారంలోగా గది ఖాళీ చేయమన్నారు.

చాచా చీపురు అందుకుని మెట్లు ఊడ్వడం మొదలుపెట్టాడు. నాతో మాత్రం, “నేను ఒక్క నల్లా గూడ వదలలేదు బేటా. అల్లా చూస్తుండు కద,” అన్నాడు.

మా మేనేజరు ప్రసాద్ గారిది గుంటూరు వైపు. ఆఫీసులో నన్ను పిలిచి, “ఏంటి రఫీక్ గారూ ఇది? గోరంత రబ్బరు ముక్క మన పరువు తీసేస్తోంది. మీరు వెళ్లిన పనికి మూడోసారి కంప్లైంట్ రావడం ఎప్పుడైనా ఉందా అండీ?” అన్నారు. లేదు. అది ఇంకా బాధించింది.

శనివారం పొద్దున్నే వెళ్లాను. ఈసారి తొందరపడలేదు. పన్నెండు వాషర్లూ విప్పి, నా రుమాలు మీద వరుసగా పేర్చి, ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూశాను. వాడకం వల్ల అరిగిన వాషర్ నున్నగా, పలచగా అవుతుంది. అందుకు నెలలు పడుతుంది. ఇవి అలా లేవు. రబ్బరు ఇంకా కొత్తగానే ఉంది. కానీ ముఖం మీద గుండ్రంగా లోతైన కోత. సీటు అంచు అచ్చు గుద్దినట్టు దిగబడింది. మూడింటిలో కోత అవతలి వైపుకు వచ్చేసింది. పిడులను దగ్గరగా చూశాను. ఇత్తడి మీద సన్నని పళ్ల గాట్లు! చేతి వేళ్లకు పళ్లుండవు. రబ్బరు చెడిపోలేదు, ఎవరో పనిముట్టు పట్టి నలిపేస్తున్నారు. ఆ క్షణంలో నాకు కలిగిన ఉత్సాహం ఈనాటికీ ఒంట్లో ఉంది. రెండు వారాలుగా నన్ను ఆడిస్తున్న సంగతి రుమాలు మీద పరిచినట్టు కనిపిస్తోంది.

తాత్కాలికంగా వాషర్లు వేసి, వాల్వు తెరిచి, మధ్యాహ్నపు జొహర్ నమాజు అయ్యాక వజూఖానా మూలన పీట మీద కూర్చున్నాను. జనం వెళ్లిపోయారు. లతీఫ్ చాచా వచ్చాడు. మొదటి నల్లా ముందు కూర్చుని, “బిస్మిల్లా” అని, కుర్తా జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి, పిడిని పట్టి, పళ్లు బిగబట్టి తిప్పాడు. స్పిండిల్ కిర్రుమంది. తర్వాత రెండో నల్లా. అట్లా మూడోది.

“చాచా! ఏం చేస్తున్రు?” అని లేచాను.

ఆయన ఉలిక్కిపడలేదు. “బంద్ చేస్తున్న. నువ్వే చెప్పినవ్ కద గట్టిగ బంద్ చెయ్యాలె అని. నా చేతులల్ల బలం యాడున్నది బేటా, గందుకే గిది కొనుక్కొచ్చిన. జర కారితే ఇంకో చుట్టు తిప్పుతున్న.”

రోజుకు ఐదు నమాజులు. ఐదుసార్లు, పన్నెండు నల్లాలు. నీటి బొట్టు వృథా చేస్తే పాపమన్న భయంతో ఆయన ప్రతి పూటా వాషర్ల గొంతు కోస్తున్నాడు. కారిన కొద్దీ బిగించాడు, బిగించిన కొద్దీ కారాయి. అంత శ్రద్ధ లేని ఖాదిం అయితే ఆ వాషర్లు రెండేళ్లు ఉండేవి.

ఇప్పుడు చిక్కు నాది. కమిటీకి నిజం సగం చెబితే, ఖాదిం ప్లేయర్‌తో నల్లాలు పాడుచేశాడు అన్నంత వరకే చెబితే, సోమవారం దాకా కూడా ఆగరు. సరుకు నాసిరకమని చెబితే చాచా బతికిపోతాడు గానీ అది అబద్ధం, పైగా నల్లాలు మళ్లీ కారతాయి. మిగిలింది పూర్తి నిజం. అందులో మొదటి తప్పు నాది, అంటే మా కంపెనీది. తనకు వ్యతిరేకమైనా సాక్ష్యం సరిగా పలకాలన్నది మాకు విధి. దాని గురించి నేను ఎన్నో శుక్రవారాలు మసీదులో కూర్చుని విన్నాను. ఆ రోజు చేయాల్సి వచ్చింది.

ముందు పని పూర్తి చేశాను. అంత బలంతో సీట్లు కూడా గీరుకుపోయి ఉంటాయి. దానికో చేతి పనిముట్టు ఉంది. విప్పిన నల్లా నోట్లో బిగించి నెమ్మదిగా తిప్పితే దాని కొన సీటు అంచును చదును చేస్తుంది. ఒక్కో నల్లాకు రెండు మూడు చుట్లు, ఇత్తడి పొడి కడిగేయడం, మెత్తని కొత్త వాషర్. సాయంత్రపు అసర్ నమాజుకు అజాన్ పిలుపు వచ్చేసరికి పన్నెండూ అయ్యాయి.

నమాజు తర్వాత సదర్ సాబ్‌నూ కమిటీలో మరి ఇద్దరినీ వజూఖానాలోకి పిలిచాను. నలిగిన వాషర్లు అరచేతిలో పెట్టి చూపించాను. ప్లేయర్ సంగతి చెప్పాను, ఆ వెంటనే గట్టిగా కట్టమన్నది నేనేనని, ఎంత గట్టిగానో చెప్పకపోవడం నా తప్పని చెప్పాను. సదర్ సాబ్ ఒప్పుకోలేదు. ఆ మాత్రం ఎవరికైనా తెలియదా, నల్లా కట్టడానికి చదువు కావాలా అని నన్నే అడిగాడు.

“అయితే జర ఒకటి బంద్ చేసి చూపించున్రి సదర్ సాబ్,” అన్నాను.

ఆయన పీట మీద కూర్చుని నల్లా తిప్పి కట్టాడు. నీళ్లు ఆగిపోయాయి. చెయ్యి ఆగలేదు. ఇంకో అర చుట్టు, ఆపైన భుజం కూడా కలిపి ఒక నొక్కు. లతీఫ్ చాచా ఇటువైపు నుంచి మెల్లగా, “సదర్ సాబ్‌కు ప్లేయర్ గూడ అక్కరలే,” అన్నాడు. కమిటీవాళ్లు పకాలున నవ్వారు. కాసేపటికి సదర్ సాబ్ కూడా నవ్వాడు.

అప్పుడు చాచాను కూర్చోబెట్టి, రెండు వేళ్లతో కట్టమన్నాను. ధార సన్నబడింది, బొట్లుగా మారింది, ఆగింది. “బస్, ఆడనే!” అన్నాను. ఆయన చెయ్యి తీసేసి నల్లా వైపు అనుమానంగా చూశాడు. “గింతేనా?” అన్నాడు. ఇంతే. అలా పన్నెండూ ఆయనే కట్టాడు.

నమ్మకం మాటతో కుదరదు కాబట్టి కాలువ తుడిచి, ప్రతి నల్లా కింద ఒక పొడి న్యూస్‌పేపర్ కాగితం పరిచాను. పొద్దుగూకగానే చేసే మగ్రిబ్ నమాజు దాకా గంటన్నర ఉంది. సదర్ సాబ్ వెళ్లిపోకుండా అక్కడే కుర్చీ వేయించుకున్నాడు. చాచా జపమాలలాంటి తస్బీ తిప్పుతూ కాగితాలు చూస్తున్నాడు. నేను క్రికెట్ మ్యాచ్ చివరి ఓవరు చూసినట్టు చూస్తున్నాను. అరగంటకు ఏడో కాగితం మీద ఒక చుక్క పడింది. చాచా తస్బీ ఆగింది. “యా అల్లా,” అన్నాడు. చెయ్యి జేబు వైపు వెళ్లింది. ప్లేయర్ అప్పటికే నా సంచిలో ఉంది.

ఏడో నల్లా మళ్లీ విప్పాను. సీటు మీద ఒక గీత మిగిలిపోయింది, వెంట్రుకంత. వెలుతురు తక్కువై ముందు కనబడలేదు. ఇంకో నాలుగు చుట్లు తిప్పి, వేలితో తడిమి, వాషర్ వేసి ఇచ్చాను. చాచా రెండు వేళ్లతో కట్టాడు. కొత్త కాగితం పరిచాము. మగ్రిబ్ అజాన్ అయ్యేసరికి పన్నెండు కాగితాలూ పొడిగా ఉన్నాయి! సదర్ సాబ్ లేచి వాటిని తానే ఒక్కొక్కటిగా ఏరి, మడిచి, చాచా చేతికిచ్చాడు. కొత్తగా వచ్చేవాడికి సోమవారం రావద్దని చెప్పమని పక్కనున్న సభ్యుడితో అన్నాడు. చాచాకు క్షమాపణ చెప్పలేదు. మొదటి పీట మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, నల్లాను రెండు వేళ్లతో కట్టి నమాజుకు వెళ్లాడు.

కార్డులో ‘లోపానికి కారణం’ అన్న గడి ఉంటుంది. అందులో ‘ఫోర్‌మన్ ఇచ్చిన సూచన అసంపూర్ణం’ అని రాశాను. సోమవారం ప్రసాద్ గారు అది చదివి, “ఇదేంటండీ, మన తప్పని మనమే రాసిస్తే ఎలా?” అని చాలాసేపు కోప్పడ్డారు. కార్డు మార్చమన్నారు, నేను మార్చలేదు. చివరికి సంతకం పెట్టారు గానీ దాని నకలు నా ఫైలులో చేరింది. ఆ ఏడు సూపర్‌వైజర్ పోస్టు నాకు రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. రంజాన్ నెలంతా ఆ మసీదు నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు.

సూపర్‌వైజర్ అయ్యాక మా విభాగంలో ఒక నియమం పెట్టాను. వాషర్ మార్చిన మెకానిక్ నల్లాను తాను కట్టి చూపించకూడదు. రోజూ వాడే మనిషి చేత కట్టించాలి, నీళ్లు ఆగగానే చెయ్యి తీయమనాలి, ఆ తర్వాతే కార్డు మీద సంతకం తీసుకోవాలి. దీనికి ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. మొదట్లో అందరూ సణిగారు. మెకానిక్ చెప్పి వెళ్లే మాట కూడా మరమ్మతులో భాగమేనని, వాషర్ సరిగ్గా బిగించి మాట సగం చెబితే ఆ పని సగమే అయినట్టని ఆ పన్నెండు నల్లాల దగ్గర నేను నేర్చుకున్నాను.