చప్పుడు లేని పచ్చిక

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు టీవీలో గోల్ఫు పోటీ చూస్తోంది. టోపీ పెట్టుకున్న కుర్రవాడొకడు కర్ర ఎత్తి కొట్టాడు. చుట్టూ ఉన్న జనమంతా తలలు పైకెత్తారు. "బంతి ఏదే?" అన్నాను. "అదిగో అవ్వా, ఆ మబ్బు కింద" అని వేలు పెట్టి చూపించింది. నాకు మబ్బు కనిపించింది గాని బంతి కనిపించలేదు. "నేనూ ఆడేదాన్నిలే" అన్నాను. అది నవ్వి ఊరుకుంది. మార్కాపురంలో పుట్టి పెరిగిన ముసలమ్మ గోల్ఫు ఆడానంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

నిజంగానే ఆడాను. దొరల కాలంలో, మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో. నేర్పింది మా పెద్దమ్మ. ఆమె మా అమ్మకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మా క్రైస్తవపాలెం నుంచి మద్రాసు వెళ్లి డాక్టరు చదివిన మొదటి మనిషి. ఆ తర్వాత మిషను వాళ్లు పై చదువుకు స్కాట్లాండు పంపితే, తిరిగి వచ్చేటప్పుడు ఒక పెట్టెడు పుస్తకాలు, మా ఎండల్లో ఎందుకూ పనికిరాని ఉన్ని కోటు, తోలు సంచిలో నాలుగు గోల్ఫు కర్రలు తెచ్చుకుంది. అక్కడ సముద్రం ఒడ్డున చేపలమ్మే ఆవిడ కూడా సాయంత్రం పూట ఆడుతుందని, ఎవరూ ఏమీ అనరని చెప్పేది. మార్కాపురంలో ఆడవాళ్ల కోసం మిషను పెట్టిన చిన్న ఆసుపత్రికి ఆమె ఒక్కతే డాక్టరు. నర్సు చదువు అయ్యాక నేను ఆమె దగ్గరే పనిలో చేరాను. ఆపరేషన్లలో ఆమె పక్కన నిలబడేది నేనే, సాయంత్రాలు ఆటకు తోడూ నేనే.

మా మైదానం ఆసుపత్రి వెనక బీడు. పలక గనుల్లోంచి తీసిపారేసిన రాతి తుక్కు అక్కడక్కడా కుప్పలు పోసి ఉండేది. నేతి డబ్బాలు భూమిలో పాతి, వాటి చుట్టూ ఇసుక పోసి, అవే గుంతలన్నాం. చీర కుచ్చెళ్లు ఎగదోపి పెద్దమ్మ బంతిని కొట్టేది. అది పలకరాయికి తగిలి టంగున మోగి, మనం అనుకున్న వైపు తప్ప మిగతా అన్ని వైపులకూ పోయేది. మేకలు కాసుకునే మామ ఒకాయన గొంతుక్కూర్చుని చాలాసేపు చూసి, "ఏంది డాక్టరమ్మా, అంత చదువు చదివి కట్టెతో గులకరాయిని తరుముతాండావు?" అన్నాడు. పెద్దమ్మ గంభీరంగా "ఇది రోగానికి మందు మామా" అంది. "ఎవరి రోగానికి?" అన్నాడాయన. ఆ మాట తలుచుకుని ఆమె వారం రోజులు నవ్వింది.

గిద్దలూరులో ఆట వేరు. అక్కడ రైల్వే ఆఫీసర్లు స్టేషనుకు కాస్త దూరంలో ముళ్లకంపలు కొట్టించి, నేల చదును చేయించుకున్నారు. అందులో ఒకాయన భార్యకు పెద్దమ్మ పురుడు పోసింది కాబట్టి, రోగులను చూడటానికి మేం ఆ ఊరు వెళ్లినప్పుడల్లా మమ్మల్ని ఆడనిచ్చేవాళ్లు. గుంతల చుట్టూ ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి తొక్కించేవారు. ఎండకు ఆ నూనె వాసన గొంతులో పట్టుకునేది. ఆట అయ్యేసరికి మా చెప్పులు, చీర అంచులు ఎర్రమట్టి రంగుకు తిరిగేవి. బంతి గట్టి నేల మీద దబ్బున పడి, దొర్లి దొర్లి ఎక్కడికో పోయేది. పెద్దమ్మ మాత్రం తిన్నగా దాని దగ్గరికే నడిచేది. "నీకెట్ల తెలుస్తాది పెద్దమ్మా?" అంటే "చెవులుండాయి గదే" అనేది. నేను దాన్ని నేర్పు అనుకున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఎండాకాలం నీలగిరి కొండలకు వెళ్లాం. స్కాట్లాండులో ఆమెతో చదువుకున్న దొరసాని ఒకామె అక్కడ ఉండి మమ్మల్ని పిలిచింది. ఆమె అతిథులుగా ఒక ఉదయం అక్కడి గోల్ఫు మైదానంలో అడుగుపెట్టాం. అంత పచ్చదనం నేను అంతకు ముందు చూడలేదు. కొండలన్నీ తివాచీ పరిచినట్టున్నాయి. మంచు తడికి చెప్పులు కిచకిచమంటున్నాయి. చెప్పులు విడిచి ఆ గడ్డి మీద నడవాలనిపించింది గాని, దొరసాని ఏమనుకుంటుందోనని ఊరుకున్నాను. పెద్దమ్మ కొట్టింది. చక్కటి దెబ్బ. బంతి ఎడమవైపు ఏటవాలులో మెత్తగా పడి ఆగిపోయింది. టంగు లేదు, దబ్బు లేదు. పెద్దమ్మ అక్కడే నిలబడిపోయింది. ముఖం కుడివైపు తిప్పి, తల కొంచెం వంచి, ఇంకా వింటోంది.

దొరసాని ముందుకు నడిచాక దగ్గరికి వెళ్లి, "నీకు బంతి కనపడలా" అన్నాను.

"గడ్డిలో ఎవరికి కనపడతాదే?"

"నాకు కనపడతాంది. అదిగో, తెల్లంగ. ఎన్నాళ్ల నుంచి పెద్దమ్మా?"

ఆమె కర్రను నేలకు ఆనించి రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. "ఎదురుగా ఉండేది బాగనే కనపడతాది. సూదిలో దారం ఎక్కిస్తా. పక్క చూపు పోయింది. గొట్టంలో నుంచి చూసినట్టుంటాది. ఇది ఆగే జబ్బు కాదు" అంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆపరేషను బల్ల దగ్గర ఈ మధ్య ఆమె కత్తెర తనే తీసుకోవడం మానేసి, నన్ను చేతిలో పెట్టమంటోంది. నా మీద నమ్మకం పెరిగిందని నేను మురిసిపోయాను.

"ఇంక కత్తి పట్టుకోవద్దు పెద్దమ్మా."

"నేను మానుకుంటే పుల్లలచెరువు నుంచి బండిలో వచ్చే మనిషి యాడికి పోవాల?"

"పక్కన నెత్తురు కారితే నీకు తెలుస్తాదా?"

ఆమె ఆట మధ్యలో ఆపి, తల నొప్పిగా ఉందని దొరసానితో చెప్పింది. మార్కాపురం వచ్చాక ఆమె మళ్లీ కత్తి పట్టలేదు. మందులిచ్చేది, మామూలు కాన్పులు చేసేది. ఇంకొక డాక్టరును పంపమని మిషను వాళ్లను అడిగితే, డాక్టర్లందరూ యుద్ధానికి పోయారన్నారు. ఎవరూ రాలేదు.

ఆ వానాకాలంలోనే మా అన్న భార్యకు నొప్పులొచ్చాయి. తొలిచూలు. తెల్లవారుజామున బండిలో తెచ్చారు. పెద్దమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసి, "బిడ్డ అడ్డం తిరిగినాడు. కోసి తీయాల్సిందే" అంది. అన్న ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నువ్వే చెయ్యి పెద్దమ్మా. ఎంతమందికి చెయ్యలా నువ్వు!"

పెద్దమ్మ నా వైపు తిరిగింది. నన్ను చూడటానికి ఇప్పుడు ముఖమంతా తిప్పాల్సి వచ్చేది. "ఏమంటావే? నువ్వు చెయ్యమంటే చేస్తా" అంది.

వదిన నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి. "వద్దు. గుంటూరు తీసుకపోదాం" అన్నాను.

స్టేషనుకు బండి దారి బురద. రైలు ఆలస్యంగా వచ్చింది. యుద్ధం రోజుల్లో రైళ్లు అట్లాగే ఉండేవి. గుంటూరు చేరేసరికి బిడ్డ పోయాడు. వదినను బతికించారు గాని, ఇక పిల్లలు పుట్టరన్నారు. అన్న నాతో మాట్లాడటం మానేశాడు. పోయేదాకా మాట్లాడలేదు. పెద్దమ్మ ఆ విషయం నాతో ఎప్పుడూ ఎత్తలేదు. తప్పు చేశావనీ అనలేదు, మంచి పని చేశావనీ అనలేదు. కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం తనే కర్రల సంచి భుజాన వేసుకుని "పద" అంది. ఆమె కొట్టేది, "కుడి పక్క, తుమ్మ చెట్టు దగ్గర" అని నేను చెప్పేదాన్ని. మొత్తం చూపు పోయేదాకా అట్లా ఆడాం. ఆ తర్వాత కర్ర పట్టుకోవాలని నాకు అనిపించలేదు.

వదిన నా మీద ఎన్నడూ కోపం చూపించలేదు. మా ఇంటికి వస్తే నా పిల్లల తలలు దువ్వేది, వాళ్లకు జ్వరమొస్తే పక్కన కూర్చునేది. అన్న పోయాక, మేమిద్దరం ముసలివాళ్లమయ్యాక, చింతపండు పిసుకుతూ ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. "ఆ పొద్దు పెద్దమ్మ చేసుంటే పిల్లోడు దక్కేవాడా?"

"ఏమో వదినా" అన్నాను.

"ఏమో అన్నావు, చాలు. దక్కేవాడు కాదంటే నమ్మేదాన్ని కాదు" అని మళ్లీ చింతపండులో చెయ్యి పెట్టింది.

ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. కాలం గడిస్తే అన్నీ వాటంతట అవే తేలిపోతాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని. నా సంగతిలో కాలం, అడగవలసిన వాళ్లందరినీ ఒక్కొక్కరినే తీసుకుపోయింది, ప్రశ్నను మాత్రం నా దగ్గరే ఉంచింది.