పిల్లికి ఇళ్లు చూసే టీచరు గారు

ఉప్పూ పసుపూ వెయ్యకుండా పరిగె చేపల్ని నూకలతో కలిపి ఉడికిస్తే ఎలాంటి వాసన వస్తుందో మీకు తెలియకపోతే, తెలుసుకోవాలని తొందరపడకండి. వారానికి రెండుసార్లు అది మా వంటింట్లోంచి బయల్దేరి, మెట్ల మీదుగా దిగి, వీధిలో పోయేవాళ్ల చేత ముక్కు మూయిస్తుంది. నాకు మాత్రం ఆ ఆవిరి మొహానికి తగిలినప్పుడల్లా కింది వాటాలో ఉండే సుగుణ టీచరు గారు గుర్తొస్తారు. చిన్న చేపలు పిల్లులకి ఎలా వండాలో నాకు నేర్పింది ఆవిడే. మెట్ల మొదట్లో నిలబడి "అప్పుడే దించకండమ్మా, ముల్లు మెత్తబడాలి" అని కేకేసేవారు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

టీచరు గారు కొల్లేటి పల్లెల్లో చిన్న తరగతులకి పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఏలూరులో స్థిరపడ్డారు. ఆదివారం పొద్దున్న చర్చి, మిగతా రోజుల్లో పిల్లుల పని. మా పేటలో ఎవరి పెరట్లో పిల్లి పిల్లల్ని పెట్టినా కబురు ముందు ఆవిడకే అందేది. ఆ పిల్లలు పాలు మాని తిండి తినే దశకి రాగానే గొడుగు పట్టుకుని వాటికి ఇళ్లు చూడ్డానికి బయల్దేరేవారు. ఇంట్లో పగలు ఎవరుంటారు, బావికి మూత ఉందా, నీసు వండుతారా, పక్కింటి కుక్క ఎలాంటిది, ఇలా అన్నీ అడిగేవారు. ఒక్క పిల్ల కోసం ఏడిళ్లు చూస్తే గానీ మాట ఇచ్చేవారు కాదు. "టీచరు గారు సంబంధాలకి వెళ్తున్నారు" అని మేమంతా నవ్వుకునేవాళ్లం. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని అందరమూ అంటాం కానీ, పిల్లికి బదులు తాను తిరిగే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

వెనక వీధిలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. శాకాహారులు. ఇంట్లో ఎలకల బాధ పడలేక ఒక పిల్లని అడిగారు. "పెరుగన్నం పెట్టి కన్నబిడ్డలా చూసుకుంటామండీ" అన్నారు. "పెరుగన్నం మీరు తినండి మాస్టారూ, దానికి సరిపోదు" అన్నారు ఈవిడ. అలాగని ఆయన్ని వదిలెయ్యనూ లేదు. ఎదురింటి వాళ్లతో మాట్లాడి, భోజనం వాళ్లింట్లో, పడక మాస్టారింట్లో అని ఒప్పందం కుదిర్చి వచ్చారు. ఆ పిల్లి రెండిళ్ల మీదా పెత్తనం చేస్తూ హాయిగా బతికింది.

మావారి బ్యాంకు బదిలీ మీద మేము రాజమండ్రి నుంచి ఏలూరు వచ్చి ఆ పై వాటాలో దిగినప్పుడు మా అమ్మాయి హర్షిత నాలుగో తరగతి. కొత్త బడిలో దానికి ఒక్క స్నేహితురాలూ కుదరలేదు. ఇంటికి వచ్చాక నోరు విప్పేది కాదు. ఏమడిగినా "ఏం లేదు" అనే జవాబు. సంచీ పడేసి మెట్ల మీద కూర్చుని, టీచరు గారి పిల్లులకి మాత్రం ఆ రోజు బడిలో ఎవరు ఏమన్నారో అంతా చెప్పేది. నేను పై మెట్టు మీద నిలబడి వినేదాన్ని. నా కూతురి మనసులో ఏముందో తెలుసుకోవడానికి నాకు అదొక్కటే దారి, అది నాకు చాలా బాధగా ఉండేది. దానికంటూ ఒక పిల్లి ఉంటే ఇంట్లో కూడా మాట్లాడుతుందన్న ఆశతో వెళ్లి టీచరు గారిని అడిగాను.

"ఏమీ అనుకోకండమ్మా. మీకు ఇవ్వలేనండి" అన్నారావిడ.

"మా ఇంట్లో ఏం తక్కువైందండీ?"

"తక్కువేమీ లేదండి. మీవారిది బదిలీల ఉద్యోగం కదా. రేపు ఇంకో ఊరు వేస్తే దీని సంగతేంటండి?"

నాకు ఒళ్లు మండింది. "ఆ లెక్కన బదిలీల ఉద్యోగం చేసేవాళ్లు పిల్లల్ని కూడా కనకూడదేమోనండి" అన్నాను.

"కన్నపిల్లని ఎవరూ వీధిలో వదిలేసి లారీ ఎక్కరు కదమ్మా" అన్నారావిడ మెత్తగానే. ఆ మెత్తదనం నన్ను ఇంకా మండించింది. ఊరికే ఇచ్చే వీధి పిల్లికి ఇన్ని ఆరాలేమిటని మావారి దగ్గర ఎగిరాను. ఆయన పిల్లికి బిచ్చం పెట్టని రకం. అలాంటి మనిషి కూడా కూతురి కోసం ఫోన్లో వెతికి, తాడేపల్లిగూడెంలో ఎవరో పర్షియన్ పిల్లి పిల్లల్ని అమ్ముతున్నారని కనిపెట్టారు. ధర మా రెండు నెలల అద్దె. తెల్లగా దూది ఉండలా ఉన్న ఫొటో చూసి హర్షిత ఎన్నాళ్లకో నవ్వింది. ఇంకేం, ఆదివారం బయల్దేరుతున్నామని కావాలనే టీచరు గారికి వినిపించేలా చెప్పాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. "ప్రార్థన అయ్యాక వెళ్లేట్టయితే నన్నూ తీసుకెళ్తారాండీ? అలాంటి పిల్లిని నేనెప్పుడూ చూళ్లేదు" అన్నారు. చిన్నపిల్లలా అడుగుతున్న మనిషిని కాదనడం నాకు చేతకాలేదు.

తాడేపల్లిగూడెంలో ఆ పిల్లుల్ని పెంచే కుర్రాడు మర్యాదస్తుడు. మేడ మీద ఏసీ గది, శుభ్రమైన బోన్లు, దువ్విన బొచ్చు. నేను అమ్మేవాళ్లంటే కసాయివాళ్లని ఊహించుకుని వెళ్లినట్టున్నాను, అతన్ని చూస్తే ఆ ఊహ నిలబడలేదు. తల్లి దగ్గర తాగలేని పిల్లకి చుక్కల మందు సీసాతో పాలు పట్టి బతికించానని మురిసిపోతూ చెప్పాడు. హర్షిత ఒళ్లో తెల్లపిల్లని పెట్టాడు. మమ్మల్ని అతను అడిగిన ప్రశ్న ఒక్కటే, డబ్బు ఫోన్లో పంపుతారా, చేతికిస్తారా అని. టీచరు గారు మాత్రం ఊరుకోలేదు.

"వీళ్లమ్మ ఎక్కడుందండీ బాబూ?"

పక్క గది తలుపు తీసి చూపించాడు. పెద్ద తెల్లపిల్లి పక్కకి తిరిగి పడుకుని ఉంది. పొట్ట దగ్గర బొచ్చు ఊడిపోయింది. మమ్మల్ని చూసి లేవలేదు.

"దీనికి పిల్లలు పుట్టడం మానేశాక ఏం చేస్తారండీ?"

"ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తానండి."

"మేము తీసుకెళ్లిన పిల్లని ఏ కారణం చేతనైనా పెంచలేకపోతే, మీరు వెనక్కి తీసుకుంటారాండీ?"

అతను కొంచెం ఇబ్బందిగా నవ్వాడు. "అమ్మేశాక మాకు సంబంధం ఉండదండి. మీ ఇష్టం, ఎవరికైనా అమ్ముకోవచ్చు."

టీచరు గారు తలూపి, "బాగా చూసుకుంటున్నారు బాబూ" అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. హర్షిత తన ఒళ్లోని పిల్లని రెండు చేతులతో ఎత్తి తల్లి పక్కన పడుకోబెట్టి, "ఇంటికెళ్దాం అమ్మా" అంది. ఫోన్ చేస్తామని చెప్పి మేము మెట్లు దిగాం.

తిరుగు దారిలో గుండుగొలను దగ్గర టీ కోసం ఆగాం. ఐసు నీళ్లు కార్చుకుంటూ ఒక చేపల లారీ మా ముందు నుంచి వెళ్లింది. అది కనుమరుగయ్యేదాకా చూసి, ఎవరూ అడక్కుండానే టీచరు గారు చెప్పడం మొదలుపెట్టారు.

"కొల్లేటి గట్టున ఒక ఊళ్లో పనిచేసేటప్పుడు నాకూ బదిలీ వచ్చిందండి. నా పిల్లి అప్పుడే పిల్లల్ని పెట్టింది. ఆ ఊళ్లో పెంచలేని పిల్లుల్ని అందరూ చేపల ప్యాకింగ్ షెడ్డు దగ్గర వదిలేసేవాళ్లు. చేపలకి లోటు లేదు, పిల్లికి అంతకంటే ఏం కావాలి అని. నేనూ అలాగే అనుకుని వదిలేసి వెళ్లిపోయానండి. పిల్లి ఒకచోట ఉంచదు కదా పిల్లల్ని. తిప్పుతూ తిప్పుతూ లారీలో చేపల పెట్టెల మధ్య పరిచిన గడ్డిలో పెట్టిందంట. ఇది తిండికి దిగింది, లారీ వెళ్లిపోయింది. అవి ఏ దేశం వెళ్లాయో! జీతం కాగితాల కోసం మళ్లీ ఆ ఊరు వెళ్తే, వచ్చిన ప్రతి లారీ ఎక్కి వెతుకుతుందని షెడ్డు వాళ్లు చెప్పారండి. దాన్ని తెచ్చేసుకున్నాను. పిల్లల్ని ఎక్కణ్ణుంచి తేనండీ? అప్పట్నుంచీ ఇళ్లు నేనే చూస్తున్నాను."

నేను టీ గ్లాసు పక్కన పెట్టి అడిగాను. "మీరు ఇన్ని చూసి ఇచ్చాక కూడా వాళ్లు ఉంచుకోలేకపోతేనండీ?"

"నేనే తెచ్చేసుకుంటానండి. అందుకే ఊరికే ఇస్తాను. అమ్మితే మళ్లీ వెళ్లి ఎలా ఉందని అడిగే హక్కు నాకెక్కడిదండీ?"

"అయితే మాకూ ఆ షరతు మీదే ఇవ్వొచ్చు కదండీ."

ఆవిడ నావైపు చూడలేదు. హర్షితని అడిగారు. "వెళ్లాల్సొస్తే ఏం చేస్తావే?"

"తీసుకెళ్తాను మామ్మగారూ. కుదరకపోతే మీకే తెచ్చిస్తాను. ఎక్కడా వదలను" అంది నా కూతురు. మనుషులతో అది అన్ని మాటలు మాట్లాడగా నేను విని చాలా కాలమైంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మర్నాడు టీచరు గారు గొడుగు పట్టుకుని మా ఇల్లు చూడ్డానికి వచ్చారు. రోజూ చూసే ఇల్లే! బాల్కనీకి వల కట్టించమన్నారు, టీకాలు వేయించమన్నారు, పెద్దయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని మాట తీసుకున్నారు. అప్పుడు బూడిదరంగు చారల పిల్ల ఒకటి మా ఇంటికి వచ్చింది. "ఊరికే వచ్చిన పిల్లి తెల్లపిల్లి కంటే ఖరీదయ్యేట్టుంది" అని మావారు సణిగారు. అది దాదాపు నిజమే. కొనుక్కోవడం తప్పా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను, గట్టిగా అవునని చెప్పలేను. కొనేటప్పుడు మన పర్సు సంగతి తప్ప మన సంగతి ఎవరికీ అక్కర్లేదు, దానికి మాత్రం నాకు భయం వేస్తుంది. హర్షిత విషయానికొస్తే, తన పిల్లిని చూడ్డానికి క్లాసు పిల్లలు ఒకరొకరే రావడం మొదలయ్యాక, దాని కబుర్లు ఆపమని నేనే బతిమాలుకోవాల్సి వచ్చింది.

తరువాత మావారికి భీమవరం బదిలీ అయింది. పిల్లి ఉన్నవాళ్లకి అద్దెకిచ్చే ఇల్లు అక్కడ దొరక్క ఆయన రోజూ బస్సులో వెళ్లివస్తున్నారు. టీచరు గారు పోయాక ఆవిడ పిల్లులు కూడా మా వాటాకే వచ్చేశాయి.

మొన్న ఒక మధ్యాహ్నం దెందులూరు నుంచి ఒకావిడ మూత కట్టిన బుట్టతో వచ్చి కింది తలుపు తడుతోంది. టీచరు గారు లేరని చెబితే అక్కడే కూలబడింది. వాళ్లాయనకి హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకి కాపలా పని దొరికిందట, పిల్లిని అక్కడ ఉండనివ్వరట. "ఎప్పుడైనా సరే తెచ్చి ఇచ్చెయ్యమన్నారండి టీచరు గారు. అందుకే ఎక్కడా వదల్లేదండి" అంది. ఇంతలో హర్షిత కిందికి దిగి బుట్ట అందుకుంది. ఆవిడ మాత్రం మూత మీంచి చెయ్యి తియ్యలేదు.

"మేము సెలవలకి వచ్చినప్పుడు చూసుకోవచ్చాండీ? మీరు ఈ ఇంట్లోనే ఉంటారాండీ?"

ఆ రోజుల్లో నా ఒళ్లు మండించిన ప్రశ్న ఇదే. ఇప్పుడు అడుగుతున్న మనిషి మొహం చూశాను. నా ఇంటికి వంకపెట్టడానికి అడుగుతున్నది కాదు, ఈ మాట తేలకపోతే ఆవిడకి రైలెక్కడం కుదరదు.

"ఉంటామండీ" అన్నాను. ఆవిడ చెయ్యి తీసింది.

సాయంత్రం మావారు బస్సు దిగి ఇంటికి రాగానే కాఫీ ఇచ్చి, ఇకముందు బ్యాంకు వాళ్లు ఏ ఊరు వేసినా ఇక్కణ్ణుంచే వెళ్లిరావాలని చెప్పాను.