కృపమ్మ గారి వడ్డీ

రాజోలు బజారులో నాది కిరాణా కొట్టు. బుల్లిరాజుకి ముక్కు మీద కోపమని ఊరంతా అంటుంది, అననివ్వండి. అరువిచ్చి నవ్వుతూ కూర్చునే రకాన్ని కాను నేను. అలాంటి నాకు కూడా కృపమ్మ గారిని తలుచుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

ఆవిడ సర్కారు ఆస్పత్రిలో కాన్పుల వార్డు ఆయా. రిటైరైన రోజున దండ వేసి, శాలువా కప్పి, స్వీటు పెట్టి పంపారు. జీతంలోంచి నెలనెలా కోసి దాచిన ఫండు మాత్రం చేతికివ్వలేదు. ఆవిడ ముందు పనిచేసిన ఆస్పత్రి లెక్కలు ఇక్కడి లెక్కలతో కలవలేదట. ఏ ఆఫీసో పేరు చెప్పను, చెబితే నా నోరు మంచిది కాదు. ఆ డబ్బుతో ఇంటికి స్లాబు వేయించుకోవాలని ఆవిడ ఆశ. పెంకులు జారిపోయి, పైన టార్పాలిన్ కట్టుకుని ఉంటున్నారు. పింఛను భర్త ధర్మరాజు గారి మందులకే సరి.

ఇక బియ్యం, పప్పు నా కొట్లో, చేపలు అప్పాయమ్మ దగ్గర, ఆస్పత్రికి కొండబాబు ఆటో. అన్నీ అరువే. నా ఖాతాదారుల్లో కొబ్బరి దింపు డబ్బులొస్తే తీర్చేవాళ్లున్నారు, కోతలయ్యాక తీర్చేవాళ్లున్నారు. ఫండు వచ్చాక తీరుస్తానన్నది ఆవిడొక్కరే. ఏడాది దాటింది. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకోవడం మొదలుపెట్టాం.

చివరికి ఆ ఫండు ఆఫీసు గుమాస్తా ఆవిడను పిలిచి, "డబ్బు సిద్ధంగా ఉందమ్మా. ఆలస్యానికి వడ్డీ అడగనని ఈ కాగితం మీద సంతకం పెట్టేయండి, వారంలో పడిపోద్ది" అన్నాడట. ఈవిడ పెట్టనన్నారట!

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ కొట్టుకు రాగానే అడిగేశాను.

"ఏవండీ కృపమ్మ గారూ, అసలు వస్తావుంటే వడ్డీ కోసం కాలదన్నుకుంటారా? మీ పంతం బానే ఉంది, మధ్యలో మా బాకీల సంగతేంటండీ?"

"ఆయ్, మర్చిపోలేదండీ. ఇంకొన్నాళ్లు ఓర్చుకోండి" అని సంచీ అందుకుని వెళ్లిపోయారు.

చర్చి దగ్గర సంఘ పెద్ద శ్యామ్ సుందర్ గారు కూడా, "వడ్డీ తినడం విశ్వాసులకు తగదమ్మా" అన్నారట. "నేను తినేది కాదండీ" అని ఈవిడ జవాబు. తినకపోతే ఊరగాయ పెట్టుకుంటుందా అని బజారంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

అప్పట్నుంచి సోమవారం వస్తే చాలు, అర్జీ పట్టుకుని అమలాపురంలో ఆ ఆఫీసుకి. మోకాళ్ల నొప్పులతో బస్సులో నిలబడి వెళ్లేవారు. ఆ వానాకాలం టార్పాలిన్ చిరిగి మంచం మీదికి నీళ్లు దిగాయి. ధర్మరాజు గారిని చర్చి వరండాలో పడుకోబెట్టారు. ఇకనైనా ఆవిడ దిగొస్తారనుకున్నాను. దిగలేదు. అంత మొండి మనిషిని నేను చూడలేదు.

మొన్న మాఘంలో పడింది డబ్బు. అసలూ వచ్చింది, ముప్ఫై రెండు వేల చిల్లర వడ్డీ కూడా వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ కొట్టుకొచ్చి నా బాకీ పైసాతో సహా తీర్చారు. తర్వాత ఇంకో కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇదేంటండీ?"

"వడ్డీ అండీ. మీ వాటా."

"ఎవరడిగేరు మిమ్మల్ని? నేను సరుకులమ్ముకునేవాణ్ణి, వడ్డీ వ్యాపారిని కాదు!"

ఆవిడ నింపాదిగా అన్నారు. "నా డబ్బు ఆళ్ల దగ్గర ఆగిపోయిందని నాకు వడ్డీ ఇచ్చేరు కదండీ. అన్నాళ్లూ మీ డబ్బు నా దగ్గర ఆగిపోయింది. అప్పాయమ్మకీ కొండబాబుకీ ఇచ్చేసే వచ్చేను. ఎవరి బాకీని బట్టి ఆళ్లకి పంచేశానండి. నా సొమ్మే అయితే ఆ కాగితం మీద ఎప్పుడో సంతకం పెట్టేద్దును. మీ సొమ్ము వదిలేయడానికి నేనెవరినండీ?"

అయ్య బాబోయ్! ఈ మనిషి ఇన్నాళ్లూ వానలో తడిసి తిరిగింది మా కోసమా?

"మరి మీ స్లాబు?" అన్నాను ఎలాగో.

"బాకీలు పోను మిగిలినదానికి రేకులొస్తాయండీ. తడవకుండా ఉంటే చాలు."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీదు. "నేను తీసుకోనండీ. మా పిల్లలిద్దరూ మీ చేతుల్లో పడ్డవాళ్లే. ఆ రుణం ముందు ఇదెంత?"

"దానికి నాకు జీతం ఇచ్చేరండీ" అన్నారు కృపమ్మ గారు. "బియ్యం మీరిచ్చేరు."

లేచి నిలబడి, ఆ కవరు రెండు చేతులా తీసుకున్నాను.