బోర్లించని గిన్నెలు

పైడితల్లి వంటింట్లో ఏ గిన్నే బోర్లించి ఉండదు. తోమినవన్నీ గుడ్డతో తుడిచి వెల్లకిలా పెడుతుంది. ఇంటి మనిషి సముద్రం మీద ఉండగా గిన్నె బోర్లిస్తే అక్కడ పడవ బోర్లాపడుతుందని భీమిలి దగ్గరి రేవులో వాళ్ల అమ్మమ్మ నేర్పింది. పెళ్లయి, రైల్వే గ్యాంగ్‌మన్ కూర్మారావు వెంట టాటానగర్ వచ్చి అక్కడి బర్మామైన్స్ పేటలో కాపురం పెట్టాక ఆ మాటతో పనిలేకపోయింది. ఇక్కడ సముద్రమెక్కడిది?

కూతురు నవ్య తెచ్చింది. సముద్రపు చదువు చదువుతూ, తోటి పిల్లలతో కలిసి పాతకాలపు తెరచాప ఓడ ఎక్కింది. పాఠాలన్నీ ఓడలోనే. తాళ్లు లాగి చాప ఎత్తేదీ వాళ్లే, సన్నటి వలతో నీళ్లు వడగట్టి కంటికానని పురుగుల్ని భూతద్దాల కింద చూసేదీ వాళ్లే.

"మీ తాత సేపలకి వలేసీవోడు. నువ్వు పురుగులకేత్తన్నావేటే?" అంది తల్లి ఫోన్లో.

"అరే అమ్మా, ఆ పురుగులు లేకపోతే మఛ్‌లీ కహాఁ సే ఆయేగీ? చేపలెక్కణ్నించి వస్తాయి?" పడీపడీ నవ్వింది నవ్య. "గిన్నెలు సీదా పెట్టావా మరి?"

"పెట్టానమ్మా."

ఆ వారంలోనే గాలివాన లేచింది. చాప దించుతున్న పిల్లల మీదికి కెరటం వచ్చింది. అందరూ మిగిలారు, నవ్య తప్ప. వెతకబోయిన పడవలు ఉత్తచేతులతో తిరిగొచ్చాయి.

నెలలు గడిచినా పైడితల్లి గిన్నె బోర్లించలేదు.

"దర్భబొమ్మ సేసి దహనం సేద్దుమే. ఎన్నాళ్లని పిల్లని అలా గాల్లో ఒగ్గేత్తాం?" అని కూర్మారావు రోజూ పోరుపెట్టాడు.

"శవాన్ని సూసినోడెవడు? బొమ్మని కాల్సుకో. నా గిన్నెల జోలికి రాకు."

సువర్ణరేఖ నది గట్టున బొమ్మకి నిప్పు పెట్టి, మునిగి, తడిబట్టలతో ఇంటికొచ్చాడు కూర్మారావు. పైడితల్లి లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సాయానికొచ్చిన పక్కింటి అనిత వాకిట్లో చేతులు తుడుచుకుంటోంది.

"భయ్యా, బర్తన్ సబ్ ధో దియా."

ఎండలో వరసగా ఆమె కడిగిన గిన్నెలు, అన్నీ బోర్లించి.

కూర్మారావు గబుక్కున గిన్నెల ముందు కూర్చున్నాడు. ఇందాక కొరివి పెట్టిన చేత్తోనే ఒక్కొక్కటీ వెల్లకిలా తిప్పసాగాడు. పళ్లెం జారి గణగణమంది. అనితకేమీ అర్థం కాలేదు.

చప్పుడుకి పైడితల్లి బయటికొచ్చింది. కాసేపు చూసి, అతని చెయ్యి పట్టుకుంది.

"ఊరుకో మావా. సముద్రం మీద మనోళ్లెవులున్నారని?"

అతను తిప్పినవన్నీ మళ్లీ తనే బోర్లించింది.