బోర్లా తిప్పిన ఉతుకుబండ

పాత నగరం శిథిలాలున్న అలిందా కొండ కింద మా ఊళ్లో పాత రాయి లేని ఇల్లు లేదు. మా గొర్రెల దొడ్డి గడప కూడా రెండు వేల ఏళ్ల కిందటి ఏ కారియా రాజు కాలం నాటిదో!

పక్కింటి కెజ్బాన్ వదిన పదిహేడో ఏట కోడలిగా వచ్చేసరికి, వాళ్ల బావి దగ్గర పాలరాతి ఉతుకుబండ ఉండేది. దాని నిండా బారులు బారులుగా చెక్కిన అక్షరాలు. బట్ట రుద్దినప్పుడల్లా అవి వేళ్ల కణుపులు గీరేసేవి. ఆ శీతాకాలం ఆమె పుండ్లు పడ్డ చేతులు బట్టలుతికే బూడిద నీళ్లలో పెట్టి ఏడుస్తుంటే, మామగారు బయ్రమాలీ చూశాడు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు మామా. ఈ రాయి గీరుకుంటోంది, అంతే."

ఆయన ఎడ్లను తోలుకొచ్చి, గొలుసు కట్టి, బండను బోర్లా తిప్పేశాడు. అవతలి వైపు నున్నగా ఉంది. ఆ పెనుగులాటలో కాలి బొటనవేలు నలిగి ఆయన నెల్లాళ్లు కుంటుతూ నడిచాడు.

అత్తగారు హనీఫె మాత్రం ఊరుకోలేదు. "ముప్పై ఏళ్లు ఆ బండ మీదే ఉతికా, నా చేతులేం ఊడిపడలేదే! పాషాగారి కూతురమ్మా, రాయి గుచ్చుకుంటుందట!"

అంతే, నలభై ఏళ్లపాటు ఊళ్లో వదిన పేరు పాషా కూతురే, అంటే దొరగారి బిడ్డ. బయ్రమాలీ పోయి ఇరవై ఏళ్లయినా ఆ దెప్పుడు మాత్రం పోలేదు.

నిరుడు వేసవిలో, కొండ మీద తవ్వకాలకు వచ్చినవాళ్లలో శాసనాలు చదివే నెర్గిజ్ అనే ఆవిడ ఇల్లిల్లూ తిరుగుతూ వాళ్ల పెరట్లోకీ వచ్చింది. అడుగున రాతలున్నాయని, బండ పట్టుకుపోతారేమోనని భయపడుతూనే వదిన చెప్పింది. నలుగురు మగవాళ్లు గునపాలతో బండ లేపారు. మట్టి కడిగి చూస్తే పై వరస ఒక్కటే అరిగిపోయి ఉంది. మిగతావన్నీ నిన్న చెక్కినట్టున్నాయి.

నెర్గిజ్ నేల మీదే చతికిలబడింది. "ఇలా తిప్పకపోతే ఒక్క అక్షరం కూడా మిగిలేది కాదు వదినా!"

"ఏం రాసుంది?" అంది వదిన.

"ఎవరో తల్లి. కూతురు జబ్బు నుంచి లేచిందని దేవుడికి మొక్కు చెల్లించింది. ఆ తల్లి పేరే అరిగిపోయింది."

తొంభై ఏళ్ల హనీఫె వంగి ఆ అరిగిన వరసను వేళ్లతో తడిమింది. "ఆ పేరు అరగ్గొట్టింది నేనేనే," అంది.

ఊరంతా రాయి గురించి మాట్లాడుకుంటుంటే వదిన నాతో అంది: "నాకు మామగారి నలిగిన వేలే గుర్తొస్తోందే. కొత్త కోడలి కోసం ఏ మామ అంత చేస్తాడు? మీ మేలు మర్చిపోనని నేను ఒక్క మాటైనా అనలేదు. ఆ రోజుల్లో మామ ముందు నోరెత్తే ధైర్యం ఎవరికుండేది?"

తర్వాతి శుక్రవారం ఆమె, పోయినవాళ్లకు పుణ్యం చేరాలని మా దగ్గర పంచే లోక్మా ఆయన పేర పంచింది. తెల్లవారకముందే పిండి పులియబెట్టి, వీధిలో పెద్ద బాణలి పెట్టి, ఉండలు వేయించి పాకంలో ముంచింది. సమాధి దగ్గర ఫాతిహా ప్రార్థన చదివించి వచ్చేసరికి ఊరు ఊరంతా పళ్లేలతో వరస కట్టింది.

హనీఫె కుర్చీలో కూర్చుని పాకం పలచనైందని సణుగుతూనే ఏడు ఉండలు తినేసింది. తర్వాత కోడలి కొంగు పట్టుకుంది.

"ఆయనకి తీపంటే ప్రాణం. డాక్టరు వద్దన్నాడని ఆఖర్లో నేనే పెట్టనివ్వలేదు."

"ఇవాళ ఊరంతా తింటోంది కదా అత్తా, ఆయనకి చేరుతుందిలే," అని వదిన ఆవిడ వేళ్లకంటిన పాకం తడిగుడ్డతో తుడిచింది.