ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద పసుపు

మొన్న ఆదివారం మా మనవరాలు వంటగదిలో నా పక్కన నిలబడి, ఒక చేత్తో దోసె తింటూ రెండో చేత్తో ఫోను నొక్కి, యూనివర్సిటీలో చేరిపోయానని చెప్పింది. సర్టిఫికెట్లు ఎవరికీ చూపించక్కర్లేదా అని అడిగితే, అవన్నీ ఎప్పుడో ఎక్కించేశానని నవ్వింది. ఆ పిల్ల గొంతులో భయం ఇసుమంతైనా లేదు. నేను మాత్రం పెనం మీద అట్టు తిరగెయ్యడం మరిచిపోయాను. డెబ్బై దాటినదాన్ని, ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, అడ్మిషన్ అన్న మాట వింటే ఇప్పటికీ నాకు గుబులే. నా ఈడు వాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

డెబ్బైల మొదట్లో, అనకాపల్లిలో బియస్సీ పాసయి, ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టాను. అప్పట్లో జిరాక్సులు లేవు. టైపు కొట్టించిన నకళ్ళ మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి, మా ఊరు చోడవరంలో మాకు తెలిసిన గెజిటెడ్ ఆఫీసరేమో పశువుల డాక్టరు గారు. ఆయన గేదెని చూసి, చెయ్యి కడుక్కుని, నా మార్కుల లిస్టుని అంతకంటే శ్రద్ధగా చూసి, అంకె అంకెకీ వేలు పెట్టి సరిచూసి గాని సంతకం పెట్టేవారు కాదు. ఆయనకి జడిసి రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను.

తరవాత ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఆ రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు తేకపోయినా, తెచ్చినవాటిలో దిద్దుళ్ళు కనిపించినా సీటు తరవాతి వారికి వెళ్ళిపోతుందని దాని మీద అచ్చు వేసి ఉంది. నాన్న ఒప్పుకున్నది ఆ ఒక్క ఏడాదికే. సీటు రాకపోతే చదువు చాలించి ఇంట్లో ఉండమన్నారు. నాన్న కోపిష్ఠి కాదు, కానీ ఒకసారి అన్న మాట మళ్ళీ మార్చే మనిషి కాదు, అందుకే నాకు అంత భయం.

ఊడ్పుల రోజులు కావడంతో నాన్న పొలం వదిలి రాలేకపోయారు. నాకు తోడుగా మా మేనత్త బయలుదేరింది. నాన్నకి అక్క, మా వెనక వీధిలోనే కాపురం, మావయ్య చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పిల్లల్లేరు. నన్నే పిల్ల అనుకుంది. అక్షరం ముక్క రాదు గాని, నేను చదువుతుంటే ఎదురుగా కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ గంటల తరబడి వినేది, ఏం అర్థమయ్యేదో మరి.

మొదటి బస్సు ఎక్కాం. సబ్బవరం దాటాక, రాత్రి పదిసార్లు చూసుకున్నది చాలక, మళ్ళీ కవరు తెరిచి కాగితాలు చూసుకున్నాను. ప్రొవిజనల్ సర్టిఫికెట్ నాలుగు మూలలా పసుపు. శుభలేఖకి పెట్టినట్టు, కొత్త చీరకి పెట్టినట్టు, తడి పసుపు. తెల్లవారుజామున నేను తల దువ్వుకుంటుండగా అత్త దాన్ని దేవుడి పీట మీద పెట్టి శుభమని బొట్లు పెట్టిందట. మూడు మూలలకీ ఏమీ కాలేదు. కుడివైపు పై మూల మాత్రం సిరాతో రాసిన నా రిజిస్టరు నంబరు ఉంది, అందులో చివరి రెండంకెలూ అలుక్కుపోయాయి.

 బస్సులో పదిమందీ వింటున్నారన్న ఇంగితం కూడా లేకుండా, నీ చెయ్యి పడబట్టే నా చదువు మట్టిలో కలిసిందని మా అత్తని అనేశాను. ఆవిడ దారి పొడుగునా ఆ కుడి చేతిని కొంగులో దాచుకుని కూర్చుంది.

విశాఖపట్నం బస్టాండులో దిగగానే కుళాయి దగ్గరికి పరిగెత్తాను. సంచిలోంచి సబ్బుముక్క తీసి, పైట చెంగు తడిపి, ఆ మూల మెల్లగా రుద్దబోతుంటే అత్త నా మణికట్టు పట్టుకుంది.

“సబ్బెట్టకే. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడిపోద్ది.”

నీకేం తెలుసని విదిలించుకుని రుద్దాను. ఎర్రబడింది. క్షారం తగిలితే పసుపు కాగితం ఎర్రబడుతుందని లేబొరేటరీలో చేసి చూసి, రికార్డులో రాసి, సంతకం పెట్టించుకున్నదాన్ని నేను. అదే సంగతి మా అత్తకి చీరలు ఉతికి తెలుసు. భయంలో నాకు చదివిన చదువు గుర్తు రాలేదు, ఆవిడ మాట చెవికెక్కలేదు. ఇప్పుడా మూల చూస్తే ఎవరో కావాలని నంబరు చెరపబోయినట్టే ఉంది.

యూనివర్సిటీ ఆఫీసు వరండాలో వరస పొడుగ్గా ఉంది. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే కదులుతుంటే, నా వంతు రాకూడదని ఒక పక్కా, తొందరగా వచ్చి అయిపోతే బాగుండునని మరో పక్కా మొక్కుకుంటున్నాను. నా చేతిలోంచి కాగితం తీసుకున్న గుమాస్తా దాన్ని వెలుతురుకి పట్టి చూసి, లోపలి గదిలో ఉన్న పెద్దాయన దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్ళాడు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, ఇది ఎవరు చేశారమ్మా అని అడిగారు. కోపంగా అడగలేదు. అయినా సబ్బు నేనే రాశానంటే సీటు అక్కడికక్కడే పోతుందనిపించింది.

నా వెనకనుంచి అత్త ముందుకొచ్చి నన్ను చూపించింది.

“గుంటకేటీ తెల్దు బాబూ. పసుపెట్టింది నాను, సబ్బు రాసింది నాను. ఏటి రాసుకుంటారో నా మీద రాసుకోండి.”

నేను తల దించుకున్నాను. అలా అయితే ఒక వాంగ్మూలం కావాలని, కాగితమిచ్చి నన్నే రాయమన్నారు. అత్త చెబుతున్నట్టుగా, నా మేనకోడలికి తెలియకుండా నేనే పసుపు పెట్టి, నేనే సబ్బుతో కడిగానని, గుండ్రటి అక్షరాలతో నా చేత్తోనే రాశాను. అత్త వేలిముద్ర వేసింది. పెద్దాయన టైపు నకలులో ఉన్న నంబరునీ మార్కుల లిస్టునీ సరిచూసి, సరిపోయిందని సంతకం పెట్టి నన్ను ఇంటర్వ్యూకి పంపారు. సాయంత్రానికి సీటు ఖాయమైంది. తిరుగు బస్సులో అత్త నాకు మరమరాల ఉండ కొనిపెట్టింది, నేను తిన్నాను.

నాన్న సంతోషించారు. అత్త మాత్రం తన చేతివల్ల గుంట సీటు పోవలసిందని కనబడినవాళ్ళందరికీ చెప్పుకునేది. పక్కనే ఉండి కూడా నేను కాదనలేదు. నాలుగేళ్ళ తరవాత నా పెళ్ళి శుభలేఖలకి పసుపు పెట్టమని అమ్మ గిన్నె అందిస్తే, చేతులు వెనక్కి తీసుకుని, “నా సెయ్యొద్దమ్మా,” అంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఇల్లంతా చుట్టాలు, అబద్ధం రాసిన పిల్లనని వాళ్ళ ముందు తేలిపోతుందేమోనని మళ్ళీ భయపడ్డాను. ఆ తరవాత ఆవిడ ఎవరి కాగితానికీ పసుపు పెట్టగా నేను చూడలేదు. నా పెద్దమ్మాయి పుట్టిన ఏడాది ఆవిడ పోయింది.

ఉద్యోగంలో చేరాక నేనే ఎన్నో ఏళ్ళు మా కాలేజీ అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చున్నాను. తడిసినవీ, ఎలకలు కొట్టినవీ, మసి అంటినవీ ఎన్నో సర్టిఫికెట్లు నా చేతుల మీదుగా వెళ్ళాయి. నంబరు సరిపోతే చాలు, పాడుచేసింది ఎవరన్నది మాకెవరికీ పట్టేది కాదు, రివాజు కోసం ఒక కాగితం రాయించుకుని పంపేసేవాళ్ళం. ఆ రోజు ఆ పెద్దాయనతో నేనే చేశానని ఉన్నమాట చెప్పినా, ఆయన అలాగే సరిచూసుకుని, అలాగే సంతకం పెట్టేవారు. ఇది తెలిసిననాడు ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

ఇప్పటి పిల్లలకి ఆఫీసులంటే బెదురు లేదు, మంచిదే. నాకూ లేదు, బ్యాంకు మేనేజరుతో పెద్ద గొంతుతోనే మాట్లాడతాను. ఈ ధైర్యం నాకు ఆ గదిలో ఒక్క నిమిషం ఉండి ఉంటే, మా అత్త తన చేతిని తాను తిట్టుకోకుండా బతికేది.