ఎర్ర కారుకి బస్సు అద్దం

ఉద్యోగం అయిపోయినా రైటు బాబాయి ఒంట్లోంచి బస్సు మాత్రం దిగలేదు. వయసంతా సిటీ బస్సు నడిపిన మనిషి మరి. వెనక నుంచి కండక్టరు "రైట్, రైట్" అంటే తప్ప ఆయన కాలు క్లచ్చి మీంచి లేచేది కాదు. ఆ అలవాటు ఎంత ముదిరిపోయిందంటే, ఇంట్లో భోజనానికి కూర్చున్నా కంచం వంక చూస్తూ ఉండిపోయేవాడు. వంటింట్లోంచి భార్య "రైట్!" అని కేకేస్తే గాని చెయ్యి కదిలేది కాదు. వీధి వీధంతా ఆయనకి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

అలాంటి మనిషికి ఈ వయసులో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పిచ్చి పట్టుకుంది. తప్పంతా బావమరిదిది. అతను పాత కార్లు బాగుచేసే మెకానిక్. అతని షెడ్డులో ఓ మూల, టార్పాలిన్ కింద, బాబాయి కుర్రతనం నాటి బండి ఒకటి పడుంది. పైకప్పు లేదు, నేలకి బెత్తెడు ఎత్తు. దాని యజమాని "నాకొద్దు మహాప్రభో, ఎవరికైనా ఇచ్చెయ్యి" అని ఎప్పుడో దండం పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని చూపించి, బావమరిది ఊరుకోవచ్చు కదా! "బావగారూ, ఇన్నాళ్లూ మేడ మీద కూర్చుని బండి నడిపారు. ఒక్కసారి రోడ్డు మీద కూర్చుని నడిపి చూడండి, మజా తెలుస్తుంది" అన్నాడు. అంతే. ఆ మర్నాటి నుంచి బాబాయి కాపురం షెడ్డుకి మారిపోయింది.

బస్సు డ్రైవరు బుద్ధి కనుక ముందు బ్రేకుల మీద పడ్డాడు. ముందు చక్రాలకి పాత డ్రమ్ము బ్రేకులు పీకించి డిస్కు బ్రేకులు పెట్టించాడు. ఆగడం చేతకాని బండికి పరుగెందుకని ఆయన వాదన. అది అయ్యాక మాత్రం మనసు సోకుల మీదికి పోయింది. సైకిలు చక్రాల్లా పుల్లలున్న చక్రాలు వచ్చాయి. కొయ్య స్టీరింగు వచ్చింది. ముందు పచ్చటి ఫాగ్ లైట్లు, వెనక పెట్టె కట్టుకునే స్టాండు. రంగు ఎరుపు, అదీ మామూలు ఎరుపు కాదు, చూస్తే కళ్లు చికిలించుకోవాలి.

భార్య టీ ఫ్లాస్కు తెచ్చినప్పుడల్లా బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ఓ మాట అంటించి వెళ్లేది. బానెట్ మీద అడ్డంగా బిగించిన తోలు బెల్టు చూసి "ఏం, పొట్ట వచ్చిందా దీనికి?" అంది. రెండు బాకాల హారన్ మోగించి చూపిస్తే చెవులు మూసుకుని, "ఇంత ప్రాణికి అంత గొంతా! అచ్చం మీ అక్కగారే" అంది. బావమరిది నవ్వలేక, నవ్వు ఆపుకోలేక కారు కిందకి దూరిపోయాడు.

బండి తయారయింది. మొదటి షికారుకి ఆవిడ తలకి స్కార్ఫ్ కట్టుకుని మరీ వచ్చింది. బావమరిది వెనక తట్టి "రైట్, రైట్" అన్నాడు. కారు కదిలింది. వీధి మలుపు తిరగకముందే ఆవిడ మాటలు మొదలయ్యాయి. బాబాయి రోడ్డు మీద కళ్లు పెట్టి ఊ కొడుతున్నాడు. అంతా బాగానే ఉంది. మొదటి బస్ స్టాపు వచ్చింది. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది, కళ్లు వాటంతటవే అద్దంలోకి వెళ్లాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆవిడ బట్టల మిల్లులో కుట్టుపని చేసేది. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాకా ఆయన బస్సులోనే వెళ్లేది. కూర్చునేది ఎప్పుడూ డ్రైవరు వెనకున్న మొదటి సీటులోనే. ఆవిడ మాట్లాడేది, ఆయన అద్దంలో చూస్తూ ఊ కొట్టేవాడు. స్టాపులో ఆపడం, తలెత్తి అద్దంలో ఆవిడని చూసుకోవడం, మళ్లీ కదలడం. ఏళ్ల తరబడి అదే వరస.

ఇప్పుడు తలెత్తి చూస్తే అద్దంలో ఖాళీ రోడ్డు! బాబాయి బస్సుని తిప్పినట్టు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి చుట్టబెట్టి, బండి వెనక్కి మళ్లించాడు.

"ఏమైందండీ? స్టవ్వు కట్టెయ్యలేదా?" అంది పక్కనున్న భార్య కంగారుగా.

"ఉండు ఉండు, కొంప మునిగింది! మా ఆవిడ ఇంటి దగ్గరే ఉండిపోయింది!" అన్నాడు బాబాయి, తల తిప్పకుండా.

ఇంటి ముందు కారు ఆగాక ఆవిడ దిగి, స్కార్ఫ్ ఊడదీసి, వీధిలో అందరూ వింటుండగా చెప్పేసింది. "పక్కన కూర్చున్న పెళ్లాం కనపడని మనిషి బండి నేను ఛస్తే ఎక్కను."

వీధిలో నవ్వుకున్నారు గాని బాబాయికి నవ్వు రాలేదు. ఆయన కోరికల్లా ఒక్కటే. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మాట సగంలో ఉండగానే ఆవిడ స్టాపు వచ్చేది, దిగిపోయేది. ఊళ్లో అందర్నీ ఎక్కడెక్కడికో చేర్చాడు, తన మనిషిని మాత్రం మిల్లు గేటు దాటి తీసుకెళ్లింది లేదు. ఆవిడ దిగే పని లేని ప్రయాణం ఒక్కటి చెయ్యాలి, అందుకే ఇంత తంటా. వచ్చే ఆదివారం పాత కార్ల ఊరేగింపు ఉంది. నది పక్కగా కొండ దాకా వెళ్తారు. అందరూ జంటలుగా వస్తారు.

"నేనొస్తా బావగారూ" అన్నాడు బావమరిది జాలిపడి.

"నువ్వెందుకురా నా మొహానికి!" అన్నాడు బాబాయి.

ఆవిడని బతిమాలడం ఆయనకి చేతకాదు. చేతనయింది బిగించడమే. పక్క సీటుకి మెత్తటి దిండు కుట్టించాడు. జుట్టు చెదరకుండా సీట్ల వెనక గాలిని ఆపే గాజు పలక పెట్టించాడు. కాళ్లు చల్లబడకుండా కింద చిన్న హీటరు. లేచేటప్పుడు పట్టుకోవడానికి తోలు పిడి. ఒక్కొక్కటి అయినప్పుడల్లా పిలిచి చూపించేవాడు. ఆవిడ దిండుని వేలితో నొక్కి చూసి, "బాగుంది. మా తమ్ముణ్ణి కూర్చోబెట్టుకోండి" అని వెళ్లిపోయేది.

చివరికి బావమరిది స్పానరు కింద పడేశాడు. "బావగారూ, ఇంక బిగించడానికి కారులో చోటు లేదు. అక్కా, అసలు నీకేం కావాలో చెప్పి పుణ్యం కట్టుకో!"

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. ఈసారి గొంతులో వెటకారం లేదు. "నాకు దిండెందుకురా? బస్సులో వెనక కూర్చున్నా ఈయన కళ్లు కనపడేవి. ఇందులో పక్కనే కూర్చున్నా ఒక్క చెవి కనపడుతోంది. చెవితో ఎంతసేపని మాట్లాడను?"

బాబాయి మర్నాడు పొద్దున్నే డిపోకి వెళ్లాడు. తుక్కు కింద వేసిన బస్సుల వరసలో తన బస్సుని వెతికి పట్టుకుని, స్టోరువాణ్ణి కాకా పట్టి, దాని లోపలి అద్దం ఊడదీసుకొచ్చాడు. మోచేతి పొడవుంది అది. ఓ అంచున పెచ్చు ఊడింది.

"అయ్యయ్యో!" అని తల బాదుకున్నాడు బావమరిది. "ఇది స్పోర్ట్స్ కారా, క్షౌరశాలా? ఊరేగింపులో నా పరువేం కాను?"

"నీ పరువు వెనక స్టాండుకి కట్టుకుందాంలే. బిగించు" అన్నాడు బాబాయి. రోడ్డు చూసుకునే చిన్న అద్దాన్ని దాని చోటే ఉండనిచ్చి, ముందు గాజు చట్రానికి పైన ఆ పెద్దదాన్ని పెట్టించాడు. చూపు సరిగ్గా పక్క సీటు మీద పడేలా తనే వంచుకున్నాడు.

ఆదివారం పొద్దున కారు ఇంటి ముందు నిలబెట్టి, ఇంజను వేసి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మిగతా కార్లు హారన్లు కొట్టుకుంటూ వీధి చివర నుంచి సాగిపోతున్నాయి. బావమరిది వెనక తట్టి "రైట్, రైట్" అన్నాడు. కారు కదల్లేదు. మళ్లీ అన్నాడు. ఊహూఁ.

"నువ్వు కాదురా" అన్నాడు బాబాయి.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అద్దాన్ని చూసింది. అంచున ఊడిన పెచ్చుని చూసింది. ఒక్క క్షణం ఆవిడ మొహం మారిపోయింది. "ఎక్కడానికి కాదు. ఎలా బిగించారో చూద్దామని" అంటూ వచ్చి కూర్చుంది. తలెత్తితే అద్దంలో ఆయన కళ్లు. చుట్టూ ముడతలు వచ్చాయి, చూపు మాత్రం అదే.

"కండక్టరు రోజూ ఈ అద్దం సరిచేసి వెళ్లేవాడు, మీరు రోజూ నా వైపు వంచేవారు" అంది ఆవిడ అద్దంతోనే. "నాకు తెలియదనుకున్నారా?"

"తెలిసీ చెప్పలేదేం?"

"చెబితే మానేసేవారు."

వీధి చివర ఆఖరి కారు కూడా మలుపు తిరిగింది. "బావగారూ, అందరూ వెళ్లిపోయారు!" అని బావమరిది గంతులేస్తున్నాడు. బాబాయి వినిపించుకోలేదు. ఆవిడ మొదటిసారి బస్సెక్కిన రోజున అడిగినట్టే, అద్దంలో చూస్తూ అడిగాడు. "ఎక్కడ దిగాలండీ?"

ఆవిడ నడుముకి దోపుకున్న స్కార్ఫ్ తీసి తలకి కట్టుకుంది. ముడి బిగించుకుంది. తోలు పిడి గట్టిగా పట్టుకుంది.

"దిగేది లేదు" అంది. "రైట్, రైట్!"

బాబాయి కాలు క్లచ్చి మీంచి లేచింది.